ఆపదకు ఎదురెళ్లే క్రియలు: ఇంగ్లిష్‌కు ఒక్క ‘నివారించు’ ఎందుకు చాలలేదు

ఇంగ్లండ్ చర్చి ప్రార్థన పుస్తకంలో 16వ శతాబ్దం నుంచి వస్తున్న ఒక ప్రార్థన ‘ప్రివెంట్ అస్, ఓ లార్డ్, ఇన్ ఆల్ అవర్ డూయింగ్స్’ అని మొదలవుతుంది. ఇప్పటి ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లకు ఇది వింతగా వినిపిస్తుంది. ‘ప్రభూ, మేం ఏ పని మొదలుపెట్టినా అడ్డుపడు’ అని ఎవరైనా దేవుణ్ని వేడుకుంటారా? ప్రార్థన రాసినవాళ్ల ఉద్దేశం అది కాదు. ‘మేం చేసే ప్రతి పనిలోనూ నీ దయతో మాకంటే ముందు నడువు’ అని వాళ్లు అడుగుతున్నారు. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో, 119వ కీర్తనలో భక్తుడు ‘ఐ ప్రివెంటెడ్ ద డానింగ్ ఆఫ్ ద మార్నింగ్’ అంటాడు. సూర్యోదయాన్ని ఆపేశానని గొప్పలు పోవడం లేదు, తెల్లవారకముందే లేచానంటున్నాడు, అంతే.

లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘వెనీరే’ అంటే రావడం. ప్రివెంట్ అంటే మొదట్లో ముందుగా రావడమే. ముందుగా వచ్చినవాడు చోటు ఆక్రమిస్తాడు, వెనకొచ్చేదానికి దారి ఉండదు. అలా ‘ముందు రావడం’ కాస్తా ‘రాకుండా చేయడం’ అయింది. పాత అర్థం ఇప్పుడు ప్రార్థన పుస్తకాల్లో తప్ప వినపడదు. అయినా దాని నీడ పూర్తిగా పోలేదు. ఆపద ఇంకా బయల్దేరకముందే అక్కడికి చేరుకున్నవాళ్లకే ప్రివెంట్ అనే క్రియ చక్కగా అతుకుతుంది.

ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు తెరిచి ప్రివెంట్, అవర్ట్, వార్డ్ ఆఫ్, స్టేవ్ ఆఫ్, ఫోర్‌స్టాల్, ఆబ్వియేట్ అనే మాటలకు అర్థాలు వెతికితే, నివారించు, అడ్డగించు, తప్పించు అనే మూడు మాటలే అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తాయి. అర్థాలు తప్పని కాదు. కాకపోతే వాటిని చూసి వాక్యం రాస్తే, వ్యాకరణం తప్పకుండానే వాక్యం ఎబ్బెట్టుగా తయారవుతుంది. ఈ క్రియలను విడదీసేది అర్థం కంటే ఎక్కువగా స్థలమూ కాలమూ. ఆపద ఎంత దగ్గరికొచ్చాక మనిషి కదిలాడు? కదిలింది మనిషా, ఆపదా? ఆ తర్వాత ఆపద ఏమైంది, లేకుండా పోయిందా, పక్కకు తిరిగిందా, గుమ్మం బయట ఇంకా కాచుకుని కూర్చుందా? ఈ ప్రశ్నలకు ఒక్కో క్రియ ఒక్కో జవాబు ఇస్తుంది.

కొండ పక్కగా వెళ్లే రోడ్డును ఊహించుకుంటే తేడా తేలిగ్గా పట్టుబడుతుంది. రాళ్లు దొర్లిపడే చోట ముందే ఇనుప వల కట్టేస్తే అది ప్రివెంట్. రాళ్లు పడతాయని తెలిసి డ్రైవర్ వేరే దారి పట్టుకుంటే అది అవాయిడ్. అక్కడ రాయి పడనూవచ్చు, పడకపోనూవచ్చు, దాని దారి దానిది. రాయి దొర్లి రోడ్డు మీదికి వచ్చేసిందనగా, చివరి క్షణంలో బ్రేకు పడి వాహనం ఆగితే, ఢీకొనే ప్రమాదం అవర్ట్ అయింది. మూడింటిలోనూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మొదటిదానిలో రాయే ఆగిపోయింది, రెండోదానిలో మనిషి పక్కకు తప్పుకున్నాడు, మూడోదానిలో జరగబోయింది జరగకుండా పోయింది.

అవర్ట్‌లో ఉన్న లాటిన్ క్రియ ‘వెర్తేరే’. దాని అర్థం తిప్పడం. చూడలేని దృశ్యం నుంచి చూపు తిప్పుకోవడానికి ఇంగ్లిష్‌లో ఇప్పటికీ ఇదే క్రియ వాడతారు. తిప్పాలంటే ముందు ఆ వస్తువు తమ వైపు వస్తూ ఉండాలి. అందుకే అవర్ట్ పక్కన సంక్షోభం, సమ్మె, యుద్ధం, ప్రమాదం లాంటి పెద్ద మాటలే కూర్చుంటాయి. 1962లో క్యూబా క్షిపణుల వ్యవహారంలో అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. అక్కడ సరిపడే క్రియ అవర్ట్. జలుబును అవర్ట్ చేశానంటే మాత్రం విన్నవాళ్లు నవ్వుతారు.

తెలుగు పత్రికల్లో ‘తప్పిన పెను ప్రమాదం’ అనే శీర్షిక చూడనివాళ్లు ఉండరు. ఇక్కడ తెలుగు ఇంగ్లిష్‌ను మించిన పని చేస్తుంది. ప్రమాదం దానంతట అదే తప్పింది, ఎవరు తప్పించారో చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ పత్రిక అదే వార్తకు ‘మేజర్ యాక్సిడెంట్ అవర్టెడ్’ అని పెడుతుంది. కర్తను అదీ దాచేస్తుంది, కానీ కర్మణి ప్రయోగం కాబట్టి ఎవరో ఏదో చేశారన్న సూచన మిగిలే ఉంటుంది. తప్పు, తప్పించు, తప్పించుకొను అని ఒకే ధాతువును మూడు రకాలుగా మలిచి తెలుగు చెప్పే తేడాలకు ఇంగ్లిష్ వేర్వేరు మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. ‘ప్రమాదాన్ని తప్పించాడు’ అంటే అవర్ట్, ‘ప్రమాదం నుంచి తప్పించుకున్నాడు’ అంటే ఎస్కేప్. ఎస్కేప్ పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. అది ‘ఎక్స్’, ‘కప్పా’ అనే లాటిన్ మాటల నుంచి వచ్చింది. అంటే అంగీలోంచి బయటపడడం. పట్టుకున్నవాడి చేతిలో పైబట్ట వదిలేసి పారిపోయినవాడి చిత్రం అది.

ప్రివెంట్‌కు ఒక పెద్ద చిక్కుంది. అది నూటికి నూరుపాళ్లు ఫలిస్తే చూపించడానికి ఏమీ మిగలదు. 2000 సంవత్సరం మొదలవగానే కంప్యూటర్లు తేదీలు తప్పుగా చదివి వ్యవస్థలు కుప్పకూలుతాయన్న భయంతో, ప్రపంచమంతటా ఏళ్ల తరబడి ప్రోగ్రాములు సరిచేశారు. 1999 డిసెంబర్ 31 రాత్రి గడిచింది, చెప్పుకోదగ్గ విపత్తు ఏదీ జరగలేదు. వెంటనే ‘ఇంత హడావుడి దేనికి చేసినట్టు’ అన్న ప్రశ్న బయల్దేరింది. అవర్ట్‌కు ఈ అవస్థ లేదు. రాయి దొర్లడం అందరూ చూశారు కాబట్టి, తప్పించినవాడికి పేరొస్తుంది. ప్రజారోగ్య రంగంలో టీకాల ఫలితాన్ని లెక్కగట్టేవాళ్లు ‘డెత్స్ అవర్టెడ్’ అని, అంటే తప్పిన మరణాలు అని ఎక్కువగా రాస్తారు. టీకా లేకపోతే ఇన్ని మరణాలు జరిగి ఉండేవని ముందు ఒక అంచనా వేసి, అసలు అంకెను అందులోంచి తీసేస్తారు. కనపడని దాన్ని ఎదురుగా వస్తున్నట్టు చూపించడానికి అవర్ట్ అనే క్రియ వాళ్లకు సాయపడుతోందని అనిపిస్తుంది.

ఇదే రంగం వేరే చోట ప్రివెన్షన్ అనే మాటనే పట్టుకుని వేలాడుతుంది. దానికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాట గుర్తొస్తుంది. ‘ఒక ఔన్సు నివారణ, ఒక పౌండు చికిత్సతో సమానం’ అని ఆయన 1735లో రాశాడు. పౌండుకు 16 ఔన్సులు. ఈ మాటను ఇవాళ ఆరోగ్యం గురించే వాడుతున్నారు గానీ, ఆయన రాసింది అగ్నిప్రమాదాల గురించి. మండే బొగ్గుల్ని పారలో నిండుగా పోసుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసుకెళ్లొద్దని ఫిలడెల్ఫియా జనాన్ని హెచ్చరించాడు. మరుసటి ఏడాది అక్కడే మంటలార్పే స్వచ్ఛంద దళం ఒకటి ఏర్పాటు చేశాడు. బొగ్గుల పార దగ్గర చూపిన జాగ్రత్త ప్రివెంట్. దళం నీళ్ల బకెట్లతో పరుగెత్తే సమయానికి ఆ క్రియకు కాలం చెల్లిపోతుంది.

అవాయిడ్ సంగతి వేరు. పాత ఫ్రెంచిలో దాని అర్థం ఖాళీ చేయడం. వాయిడ్ అనే మాట అందులో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. ఇంగ్లిష్ న్యాయశాస్త్రంలో ఒప్పందాన్ని అవాయిడ్ చేయడమంటే దాన్ని చెల్లకుండా చేయడం. మామూలు వాడుకలో మాత్రం చోటు ఖాళీ చేసి పక్కకు తప్పుకోవడమనే అర్థమే మిగిలింది. తెలుగువాళ్ల మాటల్లో ఈ క్రియ ఇంకా చిక్కిపోయి మనుషులకే పరిమితమైంది. ‘నన్ను అవాయిడ్ చేస్తున్నాడు’ అంటే మొహం చాటేస్తున్నాడని. ఈ అలవాటు వల్లనేమో, ఇంగ్లిష్ రాసేటప్పుడు అవాయిడ్, ప్రివెంట్ ఒకదాని స్థానంలో ఒకటి వచ్చేస్తుంటాయి. పన్నుల లోకంలో ఇలాంటి పొరపాటు ఖరీదైనదే. టాక్స్ అవాయిడెన్స్ అంటే చట్టంలో ఉన్న వెసులుబాట్లు వాడుకుని పన్ను తగ్గించుకోవడం. టాక్స్ ఇవేజన్ అంటే ఆదాయం దాచి, అబద్ధం చెప్పి ఎగ్గొట్టడం. మొదటిది మహా అయితే విమర్శ తెస్తుంది, రెండోది జైలు దాకా తీసుకెళుతుంది.

అసలు రుచి ‘ఆఫ్’ తోక ఉన్న క్రియల్లో ఉంది. వార్డ్ ఆఫ్, ఫెండ్ ఆఫ్, స్టేవ్ ఆఫ్, ఫైట్ ఆఫ్, హోల్డ్ ఆఫ్, హెడ్ ఆఫ్. ఆ ఆఫ్‌కు అర్థం ‘దూరంగా’. ఇందులో ఒక ఒప్పుకోలు ఉంది. ఆపదను దూరం నెట్టారు, అంతే, దాన్ని అంతం చేయలేదు. ‘ప్రస్తుతానికి’ అనే మాట ప్రివెంట్ పక్కన ఇబ్బందిగా కూర్చుంటుంది. స్టేవ్ ఆఫ్ పక్కన మాత్రం పుట్టినింట్లో ఉన్నంత హాయిగా ఉంటుంది. ఆఫ్ క్రియలన్నీ సగం గెలుపులే.

వీటిలో వార్డ్ ఆఫ్‌ది కాపలా కుటుంబం. ఆస్పత్రి వార్డు, హాస్టల్ వార్డెన్, ఎన్నికల వార్డు అన్నీ దాని చుట్టాలే. ఇంగ్లండ్‌ను జయించిన నార్మన్లు మాట మొదట్లో వచ్చే ‘వ’కారాన్ని అలాగే ఉంచుకున్నారు, ప్యారిస్ వైపు ఫ్రెంచివాళ్లు మాత్రం దాన్ని ‘గ’కారంగా పలికేవాళ్లు. అందుకే అదే మూలం నుంచి వచ్చిన మాట ఫ్రెంచి దారిలో ‘గార్డు’ అయింది. వార్డు, గార్డు ఒకే ఇంటి మాటలు. ఈ కాపలా స్వభావం వల్ల, కనపడకుండా చొరబడే ఆపదలకు వార్డ్ ఆఫ్ నప్పుతుంది. జలుబు, చలి, దుష్టశక్తులు, కీటకాలు. కర్త కూడా చాలాసార్లు మనిషి కాదు. తాయెత్తో, మందో, ఉన్ని దుప్పటో ఊరికే అక్కడ ఉండి కాపలా కాస్తుంది.

ఫెండ్ ఆఫ్‌లో అలా ఊరికే ఉండడం కుదరదు. ఫెండ్ అనేది డిఫెండ్‌కు తల నరికిన రూపం. ఫెన్స్ కూడా అంతే, డిఫెన్స్‌లోంచి మొదటి ముక్క రాలిపోయిన మాట. కంచె, కత్తిసాము, వాహనం ముందుండే ఫెండర్, అన్నీ ఆ రాలిన ముక్కలే. ఫెండ్ ఆఫ్ అంటే మీదికి వస్తున్నవాళ్లను చేతులాడించి తోసేయడం. అందుకే ఇది ఒక్కసారితో అయిపోయేది కాదు, మళ్లీ మళ్లీ వచ్చేవాటికి వాడతారు. విలేకరుల ప్రశ్నలు, పోటీదారులు, అప్పులవాళ్లు. ఒక కంపెనీని ఇంకో కంపెనీ బలవంతంగా కొనేయబోతే వ్యాపార పత్రికలు దాదాపు ఎప్పుడూ ఇదే క్రియ వాడతాయి. అలాంటి కొనుగోళ్లను ఎదుర్కోవడానికి 1982లో న్యూయార్క్ న్యాయవాది మార్టిన్ లిప్టన్ ‘పాయిజన్ పిల్’ అనే ఉపాయం కనిపెట్టాడు. బయటివాళ్లు ఒక హద్దు దాటి వాటాలు కొంటే, మిగిలిన వాటాదారులందరికీ చౌకగా కొత్త వాటాలు దక్కుతాయి, కొనేవాడి వాటా పలచబడిపోతుంది. చిత్రమేమిటంటే, ఆ మాత్ర ఎవరూ మింగకూడదనే దాన్ని తయారు చేశారు. అది అక్కడుందని తెలిస్తే కొనేవాడు ముందే జంకుతాడు. అంటే ఆ ఉపాయం చేసే అసలు పనికి సరైన క్రియ ఫెండ్ ఆఫ్ కాదు, డిటర్. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

స్టేవ్ అంటే కర్ర. స్టాఫ్ అనే మాటకు బహువచనం స్టేవ్స్, అందులోంచి వెనక్కి లాగి స్టేవ్ అనే ఏకవచనాన్ని తయారుచేశారు. (ఆఫీసు స్టాఫ్ కూడా ఈ కర్ర నుంచే వచ్చిందని చెబుతారు. అధికారానికి గుర్తుగా చేత్తో పట్టుకునే కర్ర అది.) మీదికొచ్చే కుక్కల్ని కర్రతో అదిలించి కర్రంత దూరంలో నిలబెట్టడమే స్టేవ్ ఆఫ్. కర్ర దించితే కుక్కలు వచ్చేస్తాయి. 17వ శతాబ్దపు ఆ చిత్రం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. ఆకలి, దివాలా, ఓటమి, ముసలితనం, ఇలాంటివాటికే ఈ క్రియ వాడతారు. రెండు బిస్కెట్లు తింటే ఆకలిని స్టేవ్ ఆఫ్ చేసినట్టు, భోజనం ముగించినట్టు కాదు. అప్పు తెచ్చి దివాలాను స్టేవ్ ఆఫ్ చేసిన కంపెనీ గురించి చదువుతుంటే, వచ్చే ఏడాది ఏం జరుగుతుందోనన్న అనుమానం ఆ క్రియలోంచే పుడుతుంది.

జబ్బు విషయంలో ఇంకో సన్నని గీత ఉంది. వార్డ్ ఆఫ్ అంటే రోగం ఇంకా ఒంటి బయటే ఉంది. ఫైట్ ఆఫ్ అంటే లోపలికి వచ్చేసింది, శరీరం దాన్ని తరుముతోంది. హెడ్ ఆఫ్ మాత్రం పశువుల మందల దగ్గరి మాట. పరుగెత్తే మంద కంటే ముందుకు పోయి, ఎదురుగా నిలిచి, దాన్ని వేరే వైపు మళ్లించడం. అందుకే ఊపందుకుంటున్న గొడవకు, తిరుగుబాటుకు ఇది బాగా కుదురుతుంది.

కీప్ ఎట్ బే అనే పలుకుబడి ఆఫ్ లేకుండానే ఇదే పని చేస్తుంది. ఇక్కడ బే అంటే సముద్రపు అఖాతం కాదు, వేటకుక్కల అరుపు. పారిపోయి పారిపోయి ఇక దారిలేని దుప్పి వెనక్కి తిరిగి కొమ్ములు వంచి నిలబడితే, కుక్కలు దగ్గరికి రాలేక చుట్టూ చేరి మొరుగుతుంటాయి. రోగాల్ని ఎట్ బే ఉంచుతున్నామని ధీమాగా చెప్పేవాళ్లు, ఆ బొమ్మలో తాము మూలకు చిక్కిన జంతువు స్థానంలో ఉన్నామని బహుశా గమనించరు.

ఇప్పుడు బజారులో పుట్టిన రెండు క్రియల సంగతి. ఫోర్‌స్టాల్ పాత ఇంగ్లిష్‌లో దారికాచి మీద పడడం. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో అది ఒక నేరం పేరయింది. సరుకు సంతకు చేరకముందే దారిలో అడ్డంపడి కొనేసి, సంతలో ధర పెంచి అమ్ముకునేవాళ్లను ఫోర్‌స్టాలర్లు అనేవారు. దాన్ని శిక్షించే చట్టాలు శతాబ్దాలు నడిచి 1844లో పూర్తిగా రద్దయ్యాయి. నేరం పోయింది, క్రియ మిగిలింది. ఇప్పుడు విమర్శనో ప్రశ్ననో ఎదుటివాడు నోరు తెరవకముందే జవాబు చెప్పేసి దారిలోనే పట్టేయడం ఫోర్‌స్టాల్.

ప్రీఎంప్ట్ కూడా అచ్చంగా కొనుగోలు మాటే. లాటిన్‌లో ‘ఎమేరే’ అంటే కొనడం. ప్రీఎంప్షన్ అంటే అందరికంటే ముందు కొనుక్కునే హక్కు. అమెరికాలో 1841 నాటి ప్రీఎంప్షన్ చట్టం, ప్రభుత్వ భూమిలో అప్పటికే కాపురముంటున్నవాళ్లు 160 ఎకరాల దాకా, ఎకరం 1.25 డాలర్ల చొప్పున ముందుగా కొనుక్కునే వీలు కల్పించింది. కొనుగోలు పోటీలో పుట్టిన ఈ మాట 20వ శతాబ్దంలో యుద్ధరంగానికి వెళ్లింది. అక్కడ దీనికీ ప్రివెంట్‌కూ మధ్య ఉన్న తేడా నిఘంటువులో గొడవగా ఆగలేదు, అంతర్జాతీయ న్యాయంలో గొడవ అయింది.

ప్రీఎంప్టివ్ దాడి అంటే శత్రువు కొట్టబోతున్నాడని, చెయ్యి ఎత్తేశాడని తెలిసి ముందు తానే కొట్టడం. ప్రివెంటివ్ యుద్ధం అంటే శత్రువు ఇప్పుడు కాకపోయినా ఎప్పటికో బలపడి కొడతాడేమోనని ఇప్పుడే కొట్టడం. రెంటికీ తెలుగు పత్రికలు ‘ముందస్తు దాడి’ అనే రాస్తాయి, అందుకే ఈ చర్చ తెలుగులో చదివితే సగం చప్పగా ఉంటుంది. 1837 డిసెంబర్‌లో, కెనడా తిరుగుబాటుదారులకు సాయం చేరవేస్తోందని కరోలైన్ అనే ఆవిరి పడవను, అది నయాగరా నదికి అమెరికా వైపు ఉండగానే, బ్రిటిష్ బలగాలు పట్టుకుని తగలబెట్టి జలపాతం వైపు వదిలేశాయి. ఆ తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ ఒక గీటురాయి పెట్టాడు. ఆత్మరక్షణ అని చెప్పుకోవాలంటే అవసరం ఆ క్షణానిదై ఉండాలి, ముంచుకొచ్చేదై ఉండాలి, వేరే మార్గం ఎంచుకునే వీలూ ఆలోచించే వ్యవధీ లేనంతగా ఉండాలి. ఈ గీటురాయికి ప్రీఎంప్ట్ అతికష్టం మీద నిలుస్తుంది, ప్రివెంట్ నిలవదు. 2002లో అమెరికా ప్రకటించిన జాతీయ భద్రతా వ్యూహం ప్రీఎంప్ట్ అనే మాటనే వాడింది. మరుసటి ఏడాది ఇరాక్ మీద యుద్ధం మొదలైనప్పుడు విమర్శకులు పట్టుకున్నదీ అక్కడే. మీరు చేస్తున్నది ప్రివెంటివ్ యుద్ధం, దానికి ప్రీఎంప్టివ్ అనే గౌరవప్రదమైన చొక్కా తొడుగుతున్నారన్నారు. ముప్పు ఎంత దగ్గరికొచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఒక క్రియ ఎంపికలో దాక్కుంటుందనడానికి ఇంతకంటే బరువైన ఉదాహరణ దొరకదు.

డిటర్‌లో భయం ఉంది, అక్షరాలా. టెర్రర్‌కు మూలమైన లాటిన్ క్రియే దీనికీ మూలం. కాబట్టి డిటర్ చేయాలంటే అవతలిదానికి భయపడే మనసు ఉండాలి. దొంగను డిటర్ చేయవచ్చు, వరదను చేయలేం. శిక్షలకు భయపడి జనం నేరాలు మానేస్తారా అన్న పాత చర్చంతా ఈ క్రియ చుట్టూనే తిరుగుతుంది. ఇటలీకి చెందిన చెజారే బెక్కారియా 1764లోనే చెప్పాడు, శిక్ష ఎంత కఠినమన్నదాని కంటే తప్పకుండా పడుతుందన్న నమ్మకమే ఎక్కువ ఆపుతుందని. థ్వార్ట్, ఫాయిల్ అనే క్రియలకు కూడా అవతల మనసు కావాలి, ఇంకా ఒక పథకం కూడా కావాలి. కుట్రను ఫాయిల్ చేస్తారు, తుపానును కాదు. థ్వార్ట్‌కు మూల అర్థం ‘అడ్డంగా’. పడవలో అటునుంచి ఇటు అడ్డంగా వేసే కూర్చునే పలకనూ ఇంగ్లిష్‌లో థ్వార్ట్ అనే అంటారు. డిటర్‌లో ఎదుటివాడు మొదలే పెట్టడు, థ్వార్ట్‌లో మొదలుపెట్టి బోర్లా పడతాడు.

ప్రిక్లూడ్, ఆబ్వియేట్ ఆఫీసు కాగితాల మాటలు, ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. మొదటిది తలుపు మూసేయడం, దీనికి కర్త సాధారణంగా మనిషి కాదు, ఒక పరిస్థితి. రెండోది దాదాపు ఎప్పుడూ ‘అవసరం’ అనే మాటతోనే కనిపిస్తుంది, అంటే అవసరమే లేకుండా చేయడం. దారిలో ఎదురుపడడమని దాని మూలార్థం. కళ్లకు ఎదురుపడేది ఆబ్వియస్, ఎదురెళ్లి తేల్చేసేది ఆబ్వియేట్. ఇంపీడ్, హిండర్ ఈ గుంపులో కలిసి తిరుగుతాయి గానీ అసలు ఆపవు, నెమ్మదింపజేస్తాయి. ఇంపీడ్ కాళ్లకు బంధం వేయడం, హిండర్ వెనక్కి లాగి ఉంచడం.

పారీ అనే క్రియ పెద్దగా వాడుకలో లేదు. కత్తి వేటునో ఇబ్బందికరమైన ప్రశ్ననో పక్కకు తప్పించడమని దాని అర్థం. దాని చుట్టాలు మాత్రం అందరికీ తెలిసినవే. కాచుకోవడమనే అర్థమున్న ‘పరారే’ అనే ఇటాలియన్ క్రియకు ‘సోలే’, అంటే సూర్యుడు, చేరితే పారసోల్, ఎండ కాచే గొడుగు. ‘పెట్టో’, అంటే రొమ్ము, చేరితే పారపెట్, రొమ్ముకు అడ్డుండే పిట్టగోడ. ఫ్రెంచిలో ‘షూట్’, అంటే పడిపోవడం, చేరితే పారాషూట్. ఎండను ఆపడం, పడకుండా కాపాడడం, రెండూ ఒకే క్రియ చేస్తోంది.

ఇలా పుట్టుకలు తవ్వుకుంటూ పోతే ప్రతి క్రియా దాని మూలార్థానికి కట్టుబడి ఉంటుందన్న భ్రమ కలగవచ్చు. స్టాప్ ఆ భ్రమ తీరుస్తుంది. అది మొదట్లో జనపనార లాంటి పీచు కుక్కి రంధ్రం మూయడం. సీసా మూతను స్టాపర్ అనడంలో ఆ వాసన ఇంకా ఉంది గానీ, బస్సు ఆపేవాడికి పీచుతో సంబంధమేమీ లేదు. స్టేవ్ ఆఫ్‌లోని కర్ర నేటికీ పని చేస్తోంది, స్టాప్‌లోని పీచు ఎప్పుడో ఊడిపోయింది. ఏది బతికుందో ఏది చచ్చిందో చెప్పేది చుట్టూ చేరే మాటలే.

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్ రాసేవాళ్లకు ఎక్కువగా దెబ్బకొట్టేది ప్రివెంట్, ప్రొటెక్ట్ జంట. టీకా తట్టును ప్రివెంట్ చేస్తుంది, పిల్లల్ని తట్టు నుంచి ప్రొటెక్ట్ చేస్తుంది. ‘పిల్లల్ని తట్టు నుంచి ప్రివెంట్ చేస్తుంది’ అని రాస్తే కుదరదు. ప్రివెంట్ చేతికి చిక్కాల్సింది ఆపద గానీ, ఆపద నుంచి కాపాడాల్సిన మనిషి కాదు. మనిషిని ప్రివెంట్ చేశారంటే అతను చేయబోయే పనికి అడ్డుపడ్డారని అర్థం. దాని తర్వాత ‘ఫ్రమ్’, ఆపైన ‘ఇంగ్’ రూపం రావాలి. అవాయిడ్ తర్వాత కూడా ‘ఇంగ్’ రూపమే, ‘టు’ రాకూడదు. ఇక ప్రివెంటివ్, ప్రివెంటేటివ్ అనే జంటలో రెండోది తప్పని కొందరు కసురుకుంటారు. నిజానికి రెండూ వందల ఏళ్లుగా ఉన్నవే. మొదటిది పొట్టిది, ఎక్కువ వాడుకలో ఉన్నది, అంతకుమించి తేడా లేదు.

ప్రివెంట్ లాగే అర్థం తలకిందులైనట్టు కనిపించే మాట ఇంకొకటుంది, లెట్. పాత ఇంగ్లిష్‌లో ఇవి రెండు వేర్వేరు క్రియలు. ఒకటి అనుమతించడం, ఇంకొకటి అడ్డుకోవడం. కాలక్రమంలో రెంటి ఉచ్చారణా ఒకటైపోయింది. ఒకే మాట ‘పోనీ’ అనీ ‘ఆగు’ అనీ చెబుతుంటే ఎవరికైనా తికమకే. రెంటిలో అడ్డుకునే లెట్ ఓడిపోయి పక్కకు తప్పుకుంది. బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లోనూ భారత పాస్‌పోర్ట్‌లోనూ మొదటి పేజీల్లో ఉండే అభ్యర్థనలో ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ అనే చోట అది ఇంకా ఊపిరి పీలుస్తోంది. అంటే ఈ పాస్‌పోర్ట్ ఉన్నవారిని ఏ అడ్డూ ఆటంకమూ లేకుండా పోనివ్వండని. ఇంకొక చోట రోజూ పలుకుతూనే ఉంది. టెన్నిస్‌లో సర్వీస్ బంతి నెట్‌కు తగిలి సరైన గడిలో పడితే అంపైర్ ‘లెట్’ అంటాడు. బంతికి అడ్డు తగిలింది, మళ్లీ వేయమని. చూసేవాళ్లలో చాలామంది ఆయన ‘నెట్’ అన్నాడనుకుంటారు.